‘సామర్థ్యం’ గడిలో మనం రాస్తున్నదేమిటి? పదోన్నతుల కమిటీల సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిటీ సభ్యులకు నమస్కారం.

సంస్థ పెద్దదైనా చిన్నదైనా, ఏడాదికోసారి తలుపులు వేసుకుని కూర్చుని, ఎవరిని పై మెట్టు ఎక్కించాలో, ఎవరిని మరో ఏడాది ఉన్నచోటే ఉంచాలో తేల్చేది మీరే. ఆ గదిలో నేనూ చాలా ఏళ్లు కూర్చున్నాను. అందుకే ఈ లేఖను బయటినుంచి వేలెత్తి చూపే మనిషి రాసిన లేఖగా కాక, మీ పక్క కుర్చీలోంచి లేచి వెళ్లిన మనిషి వెనక్కి తిరిగి చెప్పిన మాటగా చదవమని కోరుతున్నాను.

మనం నింపే మదింపు పత్రంలో ముఖ్యమైన గడులు రెండే. ఒకటి పనితీరు, రెండోది సామర్థ్యం. పనితీరు గడికి ఎంతోకొంత లెక్క ఉంటుంది: పూర్తయిన పనులు, తీరిన గడువులు, వచ్చిన ఫిర్యాదులు. సామర్థ్యం గడికి అలాంటి లెక్కేదీ ఉండదు. ఈ మనిషి రేపు ఎంత ఎదగగలరన్న మన ఊహనే అక్కడ అంకెగా మార్చి రాస్తాం, రాశాక అది ఊహ అన్న సంగతి మనమే మరిచిపోతాం. పదవి వదిలే ముందు నా సంతకాలున్న పాత పత్రాలను ఒక్కచోట పెట్టి చదివినప్పుడు నాకు కనిపించింది ఇది: స్త్రీల గురించి ‘శ్రద్ధగా చేశారు’, ‘గడువు తప్పలేదు’, ‘అందరితో కలిసి పనిచేశారు’ అని రాశాను, పురుషుల గురించి ‘అవకాశమిస్తే రాణిస్తారు’, ‘పెద్ద బాధ్యతకు తగినవారు’ అని రాశాను. స్త్రీలకు భూతకాలంలో మెచ్చుకోలు, పురుషులకు భవిష్యత్కాలంలో నమ్మకం పంచిపెట్టానన్నమాట. నేనూ స్త్రీనే. ఆ సంగతి నా చేతిని ఏమాత్రం ఆపలేదు.

ఇది నా ఒక్కదాని లోపమే అయితే బహిరంగంగా రాయాల్సిన పని లేదు. ఉత్తర అమెరికాలోని ఒక పెద్ద దుకాణాల సంస్థలో సుమారు 30,000 మంది ఉద్యోగుల మదింపు పత్రాలను ఆర్థికవేత్తలు అలెన్ బెన్సన్, డేనియెల్ లీ, కెల్లీ షూ పరిశీలించినప్పుడు, అక్కడ స్త్రీలకు పనితీరులో సగటున పురుషుల కంటే ఎక్కువ మార్కులు, సామర్థ్యంలో తక్కువ మార్కులు పడుతున్నట్టు తేలింది. పదోన్నతుల్లో స్త్రీ పురుషుల మధ్య ఉన్న తేడాలో 30 నుంచి 50 శాతం వరకు ఈ సామర్థ్యపు గడి దగ్గరే పుడుతోందని వారు లెక్కగట్టారు. అంతకంటే ఆలోచింపజేసే విషయం మరొకటుంది. సామర్థ్యంలో ఒకే మార్కు తెచ్చుకున్న స్త్రీ పురుషులను పోల్చి చూస్తే, తర్వాతి కాలంలో స్త్రీలే మెరుగ్గా పనిచేశారు. అంటే మొదటి అంచనా తప్పని పనే రుజువు చేసింది. అయినా ఆ మరుసటి మదింపులో వారి సామర్థ్యపు మార్కు మళ్లీ తక్కువగానే పడింది. లెక్క తప్పిందని తెలిసినా లెక్క మార్చుకోనప్పుడు దాన్ని అంచనా అనడానికి లేదు, నమ్మకమనే అనాలి.

ఆ నమ్మకానికి సైన్సు పేరు తగిలించడం కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా మెదళ్లను తూచి స్త్రీల మెదడు తేలికని చెప్పాడు. 1887లో జార్జ్ రోమనీస్ ఆ తేడా అయిదు ఔన్సులని పేర్కొని, తెలివిలోనూ అంత తక్కువదనం ఉండక తప్పదని వాదించాడు. శరీరం పెద్దదైతే మెదడూ పెద్దదవుతుందన్న చిన్న సంగతిని సరిగా లెక్కలోకి తీసుకుంటే ఆ వాదం నిలవదు. బరువే కొలమానమైతే మన కమిటీల్లో ఏనుగులకు పెద్దపీట వేయాల్సి వచ్చేది. అంతకుముందు 1873లో ఎడ్వర్డ్ క్లార్క్ అనే హార్వర్డ్ వైద్యుడు, ఆడపిల్లలు అబ్బాయిలతో సమానంగా చదివితే గర్భాశయానికి అందాల్సిన శక్తి మెదడుకు మళ్లి సంతానయోగ్యత దెబ్బతింటుందని హెచ్చరించాడు. నెలసరి రోజుల్లో స్త్రీల బుద్ధి మందగిస్తుందన్న మాటను మాత్రం 1914లో లీటా హోలింగ్‌వర్త్ అనే మనస్తత్వవేత్త ఊరికే ఖండించి ఊరుకోలేదు. స్త్రీలకు వారాల తరబడి పరీక్షలు పెట్టి కొలిచింది. ఆ మందగింపు ఎక్కడా కనిపించలేదు. 1928 ఒలింపిక్స్‌లో స్త్రీల 800 మీటర్ల పరుగు ముగిశాక కొందరు అలసి కూలబడ్డారన్న వార్తలు చాలు, ఆ పందెం 1960 వరకు మళ్లీ కనిపించలేదు. మారథాన్‌లో స్త్రీలకు చోటు దొరికేసరికి 1984 అయింది. కారణం మాత్రం ప్రతి తరంలోనూ మారింది: ఒకసారి మెదడు బరువు, ఒకసారి గర్భాశయం, ఒకసారి హార్మోన్లు, ఇప్పుడు ‘స్వభావం’. తీర్పు మాత్రం మారలేదు. సాక్ష్యం కూలినప్పుడల్లా తీర్పు నిలబడే ఉండి కొత్త సాక్ష్యాన్ని వెతుక్కుందంటే, ఆ తీర్పు సాక్ష్యంలోంచి పుట్టింది కాదని అర్థం చేసుకోవాలి.

అలాగని స్త్రీ పురుషుల మధ్య ఏ తేడా లేదని నేను అనబోవడం లేదు. అలా అన్నవారి మాట మీరు వినరు, వినకూడదు కూడా. కండబలంలో తేడా పెద్దది. విసిరే వేగంలో తేడా ఉంది. ఒక ఆకారాన్ని మనసులోనే తిప్పి చూసే పరీక్షల్లో పురుషుల సగటు గుర్తించదగినంత ఎక్కువ. శారీరక దాడికి దిగే ధోరణి కూడా పురుషుల్లోనే ఎక్కువ (దీన్ని నాయకత్వ లక్షణాల జాబితాలో ఎందుకు చేర్చరో నాకు తెలియదు, ‘దూకుడు’ అన్న పేరుతో చేరుస్తూనే ఉన్నామేమో). ప్రశ్న తేడా ఉందా లేదా అన్నది కాదు, ఎంత ఉంది, అది మన ముందున్న పత్రానికి ఏమైనా చెబుతుందా అన్నది.

2005లో మనస్తత్వవేత్త జానెట్ హైడ్, ఎన్నో అధ్యయనాలను కలిపి తూచిన 46 సమీక్షలను ఒక్కచోట చేర్చి చూసింది. గణితం, భాష, ఆత్మవిశ్వాసం, నాయకత్వ తీరు, ఇలా కొలిచిన తేడాల్లో 78 శాతం చిన్నవి లేదా దాదాపు సున్నా అని తేలింది. ‘చిన్నది’ అన్న మాట గాలిలో తేలిపోకుండా దాన్ని మన పనికి దగ్గరగా తెచ్చి చెబుతాను. ఆమె చిన్నదిగా లెక్కించిన తేడాల్లో అన్నింటికంటే పెద్దదాన్నే తీసుకోండి. అది పురుషులకు అనుకూలంగా ఉందనే అనుకోండి. ఏదో ఒక పురుషుణ్ణి, ఏదో ఒక స్త్రీని చీటీ తీసి జంట కట్టి, ఆ లక్షణంలో ఎవరు ముందున్నారో చూస్తే, నూరు జంటల్లో సుమారు 60 జంటల్లో పురుషుడు, 40 జంటల్లో స్త్రీ ముందుంటారు. అంటే ‘పురుషుడు కాబట్టి’ అని కళ్లు మూసుకుని ఎంచుకునే కమిటీ ప్రతి అయిదుసార్లలో రెండుసార్లు తప్పు మనిషిని ఎంచుకుంటుంది. ఎత్తులో మాత్రం అలా కాదు: నూటికి తొంభై జంటల్లో పురుషుడే పొడుగు. అయినా ఎత్తు కావాల్సిన ఉద్యోగానికి మనం ఏం చేస్తాం? టేపు పట్టుకుని ఎత్తు కొలుస్తాం. కొలవగలిగిన పెద్ద తేడా దగ్గర మనిషిని కొలిచే మనం, అస్పష్టమైన చిన్న తేడా దగ్గర సగటును చూసి మనిషిని వదిలేస్తున్నాం. తర్కం తలకిందులుగా ఉంది.

అదీకాక, మన ముందుకు వచ్చేది చీటీ తీసిన జంట కూడా కాదు. పదేళ్లు ఆ సంస్థలోనే పనిచేసిన మనిషి వస్తుంది, పదేళ్ల రికార్డుతో వస్తుంది. ఎవరి గురించీ ఏమీ తెలియనప్పుడు సగటుకు ఎంతో కొంత విలువ ఉండవచ్చు. ఆ మనిషి చేసిన పని మొత్తం బల్లమీద పరిచి ఉండగా, ఆమె పుట్టిన వర్గపు సగటును మళ్లీ తెచ్చి తూకంలో వేయడానికి ఏ గణితమూ ఒప్పుకోదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. శక్తిసామర్థ్యాలు సమానమే కావచ్చు, ఆసక్తులు వేరు కదా అంటారు. ఇందులో నిజముంది. 2009లో రాంగ్ సూ, ఆమె సహచరులు అయిదు లక్షల మందికి పైగా ఇచ్చిన సమాధానాలను కలిపి చూసినప్పుడు, పురుషులు వస్తువులతో చేసే పనివైపు, స్త్రీలు మనుషులతో చేసే పనివైపు మొగ్గడంలో పెద్ద తేడాయే కనిపించింది. సాంకేతిక ఉద్యోగాల్లో స్త్రీలు తక్కువగా ఉండటానికి పుట్టుకతో వచ్చిన తేడాలూ కొంత కారణమంటూ 2017లో గూగుల్ ఇంజినీరు జేమ్స్ డామోర్ రాసిన పత్రం అంత దుమారం రేపడానికి ఒక కారణం, అందులోని కొన్ని అంకెలకు ఇలాంటి ఆధారం ఉండటమే. ఆ ఆసక్తుల్లో ఎంత పుట్టుకతో వచ్చిందో, ఎంత పెంపకంతో వచ్చిందో తేల్చే పనికి ఈ లేఖ చాలదు, ఆ వివాదాన్ని నేను తీర్చలేను. కానీ ఈ అభ్యంతరం మన గదిలో పనికిరాదు. ఎందుకంటే ఆసక్తి అన్నది గుమ్మం బయట ఎవరు నిలబడ్డారో చెబుతుంది. లోపలికి వచ్చి, పదేళ్లు అదే పని ఇష్టంగా చేసిన మనిషి ఎందుకు పైకి పోలేదో చెప్పదు.

ఇంకో మాట. స్త్రీలు మనుషులతో పనిచేయడానికే ఇష్టపడతారన్న వాదాన్ని పూర్తిగా నమ్మేద్దాం. అప్పుడు పై పదవుల్లో ఎవరుండాలి? పై పదవి అంటే ఏమిటి? యంత్రాన్ని, కోడ్‌ను, పద్దుల పుస్తకాన్ని పక్కనపెట్టి మనుషులతో మాట్లాడటం, వినడం, ఒప్పించడం, తగవులు తీర్చడం, కొత్తవారిని తీర్చిదిద్దడం. స్వభావాన్నే ప్రమాణంగా తీసుకునేవారు నిజాయితీగా ఉంటే, సాంకేతిక విభాగాల్లో కింది వరుసలో పురుషులు, పై వరుసలో స్త్రీలు ఎక్కువగా ఉండాలని వాదించాలి. ఆ వాదన నేను ఏ కమిటీలోనూ వినలేదు. ‘మనుషులతో బాగా కలుస్తారు’ అన్న మాట స్త్రీ పత్రంలో ఉంటే ఆమెను ఉన్నచోటే ఉంచడానికి కారణమైంది, పురుషుడి పత్రంలో ఉంటే నాయకత్వమైంది.

ఏ పని ఎవరి స్వభావానికి తగినదన్న మన అభిప్రాయం ఎంత త్వరగా మారుతుందో కంప్యూటర్ల చరిత్రే చెబుతుంది. 1946లో లోకానికి చూపించిన ఎనియాక్ అనే తొలినాటి కంప్యూటరు యంత్రానికి ప్రోగ్రాములు రాసిన ఆరుగురూ స్త్రీలే. యంత్రాన్ని తయారుచేయడం ఘనమైన పని, దానికి ప్రోగ్రాములు రాయడం గుమాస్తా పని అని అప్పట్లో అనుకోవడమే అందుకు కారణం. అమెరికాలో కంప్యూటర్ సైన్సు పట్టభద్రుల్లో స్త్రీల వాటా 1980ల మధ్యలో 37 శాతం దాకా పెరిగి, 2010 నాటికి 18 శాతం దగ్గరకు పడిపోయింది. పాతికేళ్లలో స్త్రీల మెదడు అలా మారిపోయిందని ఎవరూ అనలేరు. మారింది ఆ పనికున్న గౌరవం, జీతం, ఆ పని చేసే మనిషి ఎలా ఉంటాడన్న ఊహాచిత్రం. గుమాస్తా పని ఇందుకు సరిగ్గా అద్దంలో బొమ్మ. పందొమ్మిదో శతాబ్దంలో అది పురుషుల ఉద్యోగం, పైకెళ్లే మెట్టు. టైపు మిషన్లు వచ్చి స్త్రీలు చేరాక పైకి మెట్టు లేని ఉద్యోగమైంది.

అత్యున్నత స్థాయి ప్రతిభ పురుషుల్లోనే ఎక్కువన్న వాదం కూడా వింటుంటాం. 2005లో హార్వర్డ్ అధ్యక్షుడిగా ఉండగా లారెన్స్ సమర్స్ దాన్నే ముందుకు తెచ్చి వివాదంలో పడ్డారు. అమెరికాలో పదమూడేళ్లలోపు పిల్లల్లో గణితంలో అత్యధిక మార్కులు తెచ్చుకున్నవారిని లెక్కిస్తే, 1980ల మొదట్లో ప్రతి బాలికకు 13 మంది బాలురు ఉండేవారు. తర్వాతి దశాబ్దాల్లో ఆ సంఖ్య నాలుగు దరిదాపులకు తగ్గింది. తేడా పూర్తిగా పోలేదు, నిజమే. కానీ ఒక తరంలో మూడింట రెండు వంతులు కరిగిపోయిన దాన్ని ప్రకృతి శాసనం అనడానికి నాకు నోరు రాదు. పైగా మనం నియమిస్తున్నది శాఖాధిపతిని. లక్షమందిలో ఒక్కరికి ఉండే గణిత మేధస్సు ఆ ఉద్యోగానికి ఎప్పుడు అర్హత అయిందో కూడా మనం చెప్పుకోవాలి.

‘వాళ్లు అడగరు’ అన్నది మరో నమ్మకం. ఆస్ట్రేలియాలో సుమారు 4,600 మంది ఉద్యోగులపై చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, స్త్రీలు కూడా పురుషులతో సమానంగా జీతం పెంచమని అడుగుతున్నారనీ, అడిగిన పురుషుల్లో 20 శాతానికి దొరికితే స్త్రీలలో 15 శాతానికే దొరికిందనీ తేలింది. ఇంతకంటే దీని గురించి చెప్పాల్సింది లేదు.

అన్నింటికంటే బరువైనది పిల్లల విషయం. మన గదిలో దాన్ని ఎవరూ పైకి అనరు. ‘ఆమెకు ఇప్పుడు ఇంట్లో బాధ్యతలు ఎక్కువ కదా, ఇబ్బంది పెట్టడం ఎందుకు’ అని దయగా అంటారు. డెన్మార్క్ రికార్డులను పరిశీలించిన హెన్రిక్ క్లెవెన్, ఆయన సహచరులు, తొలి బిడ్డ పుట్టేదాకా స్త్రీ పురుషుల ఆదాయాలు దాదాపు ఒకే దారిలో నడిచి, ఆ తర్వాత స్త్రీల ఆదాయం పడిపోయి దీర్ఘకాలంలో సుమారు 20 శాతం తక్కువగానే ఉండిపోతోందని చూపారు. దీన్ని కూడా శరీర ధర్మానికే అంటగట్టేవారున్నారు. అదే పరిశోధకులు తర్వాత బిడ్డను దత్తత తీసుకున్న కుటుంబాలను చూశారు. అక్కడ గర్భం లేదు, ప్రసవం లేదు, పాలివ్వడం లేదు. అయినా దీర్ఘకాలంలో తల్లి ఆదాయం కన్న తల్లుల ఆదాయం మాదిరిగానే పడిపోయింది. తండ్రిది పడిపోలేదు. 2023లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ చెప్పినదీ ఇక్కడికే చేరుతుంది: ఏ వేళ పిలిచినా పలికేవారికే లెక్కకు మించి ప్రతిఫలమిచ్చే ఉద్యోగాలు ఉన్నంతకాలం, ఇంటిలో ఒకరు అలాంటి ఉద్యోగానికి, మరొకరు ఇంటికి అంకితం కాక తప్పదు, ఆ మరొకరు సాధారణంగా స్త్రీయే అవుతుంది. ఏ వేళైనా పలకాలన్న నిబంధనను పెట్టింది ప్రకృతి కాదు, సంస్థ. అందుచేత దయగా అన్న ఆ మాటలో దయ లేదు. ఆమెను అడగకుండానే, ఆమె తరఫున మనమే ‘వద్దు’ అని చెప్పేయడం అది. అదే ఏడాది తండ్రి అయిన ఆమె సహోద్యోగి గురించి ‘ఇక కుటుంబ బాధ్యత వచ్చింది, జీతం పెరగాలి’ అని అనడం కూడా నేను విన్నాను.

నా వాదానికి ఇబ్బందిగా ఉన్న సంగతులూ మీ ముందు పెట్టాలి. 2012లో 127 మంది విజ్ఞానశాస్త్ర అధ్యాపకులకు ఒకే దరఖాస్తును కొందరికి జాన్ పేరుతో, కొందరికి జెనిఫర్ పేరుతో పంపితే, జాన్‌కు 30,238 డాలర్లు, జెనిఫర్‌కు 26,508 డాలర్లు జీతం ఇవ్వవచ్చన్నారు. అలా అన్నవారిలో స్త్రీలూ పురుషులూ ఉన్నారు. కానీ 2015లో వెండీ విలియమ్స్, స్టీఫెన్ సీసీ చేసిన ప్రయోగాల్లో, సమాన అర్హతలున్న అభ్యర్థులు అధ్యాపక పదవికి వచ్చినప్పుడు, నియామకాలు చేసే అధ్యాపకులు పురుషుడి కంటే స్త్రీనే రెండింతలు ఎక్కువగా ఎంచుకున్నారు. తెర వెనుక సంగీతకారుణ్ణి కూర్చోబెట్టి విని ఎంపిక చేసిన ఆర్కెస్ట్రాల్లో స్త్రీలకు అవకాశాలు పెరిగాయన్న ప్రసిద్ధ అధ్యయనంలోని అంకెలు అంత గట్టివి కావన్న విమర్శ కూడా సబబే. వీటన్నింటినీ పక్కపక్కన పెట్టుకున్నాక నాకు తోచేది, పక్షపాతం అన్నిచోట్లా ఒకే మోతాదులో లేదన్నది. అభ్యర్థి ఘనత కాగితంమీద స్పష్టంగా ఉన్నచోట అది సన్నగిల్లుతుంది. ఊహకు చోటున్నచోట, అంటే సరిగ్గా మన సామర్థ్యపు గడి లాంటిచోట, బలంగా ఉంటుంది.

కోటాలతో పైనుంచి సరిచేస్తే సరిపోతుందని అనుకునేవారికీ, కోటాలతో అర్హత మంటగలుస్తుందని భయపడేవారికీ నార్వే అనుభవం ఒకేసారి జవాబు చెబుతుంది. అక్కడ కంపెనీల బోర్డుల్లో 40 శాతం స్త్రీలుండాలని 2003లో చట్టం చేసి 2008కల్లా అమలు చేశారు. కొత్తగా వచ్చిన స్త్రీల అర్హతలు అంతకుముందున్న స్త్రీ సభ్యుల కంటే మెరుగ్గానే ఉన్నాయి. కానీ అదే కంపెనీల్లో కింది మెట్లమీద ఉన్న స్త్రీల పరిస్థితిలో చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. బోర్డు గదిలో నలుగురు స్త్రీలు కూర్చున్నంత మాత్రాన మూడో మెట్టుమీది మనిషి నాలుగో మెట్టు ఎక్కదు. ఆమె పత్రం బోర్డు దగ్గరకు పోదు, మీ దగ్గరకు వస్తుంది.

కాబట్టి మీరు నిర్ణయం తీసుకోబోయే తదుపరి సమావేశానికి ముందు చేయదగిన పని ఒకటి అడుగుతున్నాను. గత అయిదేళ్ల మదింపు పత్రాలను తెప్పించుకోండి. పనితీరు మార్కుల సగటును, సామర్థ్యపు మార్కుల సగటును స్త్రీలకు వేరుగా, పురుషులకు వేరుగా తీయించండి. సామర్థ్యంలో ఎక్కువ మార్కులు పడ్డవారు ఆ తర్వాత నిజంగానే ఎలా పనిచేశారో చూడండి. మీ అంచనాలు నెగ్గాయో లేదో అప్పుడు మీకే తెలుస్తుంది, నా మాట నమ్మాల్సిన అవసరం కూడా ఉండదు. ఆ గడిని ఉంచదలిస్తే, అందులో అంకె వేసే ప్రతి ఒక్కరూ దాని పక్కన ఒక వాక్యం రాయాలన్న నిబంధన పెట్టండి: ఈ మనిషి చేసిన ఏ పనిని చూసి ఈ అంకె వేశాను అని. పని పేరు లేని అంకెను లెక్కలోకి తీసుకోవద్దు. ఇంటి సంగతులను, చెప్పుకోని పెళ్లిని, పుట్టబోయే బిడ్డను సమావేశంలో ఎవరైనా ప్రస్తావిస్తే, అధ్యక్షస్థానంలో ఉన్నవారు ఆ మాటను మినిట్స్‌లో నమోదు చేయించాలి. మినిట్స్‌లోకి ఎక్కుతుందని తెలిస్తే ఎన్ని మాటలు నోటిదాకా వచ్చి ఆగిపోతాయో నేను కళ్లారా చూశాను.

నా పాత పత్రాల్లో ఒకదానిలో, పనితీరులో ఆ ఏడాది అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న ఒకామె సామర్థ్యపు గడిలో నేను మూడు అంకె వేసి, పక్కన ‘ప్రస్తుత స్థానంలో చాలా ఉపయోగకరం’ అని రాశాను. ఆ మూడు ఎందుకు వేశానో ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు. ఆమె మరో రెండేళ్లు అదే స్థానంలో ఉండి, రాజీనామా చేసి వెళ్లిపోయింది.

ఇట్లు,
ఆ గడిని చాలా ఏళ్లు నింపిన ఒక మాజీ కమిటీ సభ్యురాలు